రైటెలో ఇంజెక్షన్: మా నాన్నకి వాడుతున్నాం, 5కి 3.5

ముందే చెప్పేస్తాను, ఇది క్యాన్సర్‌ని మాయం చేసే మందు కాదు. రక్తం ఎక్కించుకోవడానికి ఆసుపత్రి చుట్టూ తిరిగే తిరుగుడు తగ్గించే మందు. అదీ అందరికీ కాదు, కొందరికే. మా నాన్న అదృష్టం కొద్దీ ఆ కొందరిలో పడ్డారు కాబట్టి ఇంత తీరిగ్గా కూర్చుని రివ్యూ రాస్తున్నాను, పడకపోయి ఉంటే ఒక్క స్టార్ ఇచ్చి నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణేమో. అందుకే స్టార్లు చూసి ఆగకుండా మొత్తం చదవండి, ముఖ్యంగా మీ ఇంట్లో ఎమ్‌డీఎస్ అనే రక్త జబ్బు ఉన్న పెద్దవాళ్లెవరైనా ఉంటే.

మాది ఒంగోలు. నాన్న ట్రెజరీలో పని చేసి రిటైరయ్యారు, ఇప్పుడు డాలస్‌లో మా దగ్గరే ఉంటున్నారు. జబ్బు పేరు మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్, పలకలేక అందరూ ఎమ్‌డీఎస్ అంటారు. ఎముక మజ్జలో రక్తకణాలు తయారయ్యే చోటే దోషం వచ్చి, సగం తయారైన కణాలు అక్కడే చచ్చిపోతుంటాయి, ఒంట్లోకి సరిపడా రక్తం రాదు. డాక్టర్లు క్యాన్సర్ అన్న మాట మెల్లగా అంటారు కానీ రక్త క్యాన్సర్ల లెక్కలోదే ఇది, కొందరిలో ముదిరి లుకేమియాలోకి దిగుతుంది కూడా. నాన్నది తక్కువ రిస్కు రకం. తక్కువ రిస్కు అంటే తక్కువ బాధ అనుకునేరు, లుకేమియాకి తిరిగే అవకాశం తక్కువ అని మాత్రమే, రక్తహీనత మాత్రం మనిషిని మంచానికి అతికించేస్తుంది.

మొదట ఎరిత్రోపోయిటిన్ (ఎర్ర రక్తకణాలు తయారు చేయమని మజ్జని తొందరపెట్టే హార్మోను) ఇంజెక్షన్లు ఇచ్చారు, కొన్నాళ్లు పని చేశాయి, ఆగిపోయాయి. తర్వాత లస్పాటర్‌సెప్ట్, మూడు వారాలకొకసారి చర్మం కింద ఇచ్చేది, అది నాన్నకి పెద్దగా అచ్చిరాలేదు (మజ్జలో రింగ్ సిడరోబ్లాస్టులు అనే ప్రత్యేకమైన కణాలు ఉన్నవాళ్లకి అది బాగా పని చేస్తుందట, నాన్నకి అవి లేవు). ఇక మిగిలింది రక్తం ఎక్కించడమే. హిమోగ్లోబిన్ ఏడుకి దిగితే వెళ్లడం, రెండు బాటిళ్లు ఎక్కించుకోవడం, నాలుగు రోజులు మొహంలో కళ, మళ్లీ దిగడం. సంచుల్లో వచ్చినా సరే నాన్నకి అది రక్తం బాటిలే. ట్రెజరీ అలవాటు పోలేదు కదా, ఎల్ఐసీ డైరీలో ఎక్కించిన ప్రతి బాటిల్‌కీ తేదీ వేసి, ముందు హిమోగ్లోబిన్, తర్వాత హిమోగ్లోబిన్ రెండు గడులు గీసి, ఎర్ర ఇంకుతో రాసేవారు. ఈ మందు పని చేసిందా లేదా అన్నది చివరికి తేల్చింది కూడా ఆ డైరీయే, ఆ సంగతి కింద చెప్తాను.

రక్తం ఎక్కిస్తూ పోతే ఏమవుతుంది, హాయిగా ఉండొచ్చు కదా అని మా పిన్ని అడిగింది. ప్రతి బాటిల్‌తోనూ ఒంట్లోకి ఇనుము చేరుతుంది, దాన్ని బయటికి పంపే దారి ఒంటికి లేదు, అది గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. ఆ ఇనుముని బయటికి లాగడానికి మళ్లీ డెఫెరాసిరాక్స్ మాత్రలు, వాటికి కడుపు తిప్పడం, కిడ్నీ పరీక్షలు. కాబట్టి "రక్తం ఎక్కిస్తే పోలా" అనేవాళ్లకి చిన్న విన్నపం, ఓ ఏడాది ఎవరికైనా తోడు వెళ్లి చూడండి.

ఇక మందు సంగతి. రైటెలో అనేది బ్రాండు పేరు, అసలు పేరు ఇమెటెల్‌స్టాట్. తయారు చేసేది కాలిఫోర్నియాలోని జెరాన్ అనే కంపెనీ. మా ఆఫీసులో ఒకడికి ఈ కంపెనీ షేరుగానే తెలుసు, "అదా, ఏళ్ల తరబడి పైకి లేవదు రా బాబూ" అన్నాడు, అంతకు మించి వాడికి అక్కర్లేదు. అమెరికాలో మందుల్ని పరిశీలించి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2024 జూన్ 6న దీనికి అనుమతి ఇచ్చింది, యూరప్‌లో 2025 మార్చిలో వచ్చింది. ఎవరికి ఇవ్వాలో కూడా గిరి గీసి చెప్పారు: తక్కువ నుంచి ఓ మోస్తరు రిస్కు ఎమ్‌డీఎస్ ఉండాలి, 8 వారాల్లో 4 లేదా అంతకంటే ఎక్కువ బాటిళ్లు ఎక్కించాల్సి వస్తూ ఉండాలి, ఎరిత్రోపోయిటిన్ తరహా మందులు పని చేయకపోయి ఉండాలి, లేదా చేసి ఆగిపోయి ఉండాలి, లేదా అవి ఇవ్వడానికి వీల్లేని మనిషి అయ్యుండాలి. నాన్న డైరీ తీసి డాక్టర్ ముందు పెడితే ఆవిడ గడులన్నీ వేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్లి, "ఇంత చక్కగా రాసిన పేషెంటుని నేను చూళ్లేదు" అంది.

ఇది న్యూక్లియిక్ ఆమ్లంతో, అంటే డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల జాతి పదార్థంతో చేసిన మందు అని తెలిసేసరికి మా చుట్టాల్లో గగ్గోలు. "జీన్స్ మార్చేస్తారటగా", "డీఎన్‌ఏ ఎక్కిస్తారటగా, మనిషి మారిపోడూ?" అని ఫోన్లు. జీన్స్ ఏమీ మారవు. ఇది డీఎన్‌ఏలాంటి ఒక చిన్న ముక్క, మొత్తం 13 అక్షరాల పొడవు, అంతే (డీఎన్‌ఏ గొలుసులో వరసగా ఉండే ఒక్కో పూసని అక్షరం అంటారు). మన క్రోమోజోముల చివర్లలో టీటీఏజీజీజీ అనే ఆరక్షరాల వరస మళ్లీ మళ్లీ వస్తుంటుంది, దాన్ని టెలోమియర్ అంటారు. కణం విడిపోయినప్పుడల్లా అది కొంచెం కొంచెం అరిగిపోతుంది, బాగా అరిగాక ఆ కణం ఇక విడిపోవడం మానేస్తుంది. అలా అరిగినదాన్ని మళ్లీ పొడిగించే ఎంజైమ్ ఒకటుంది, టెలోమరేజ్. దాన్ని ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, క్యారల్ గ్రైడర్ అనే శాస్త్రవేత్తలు 1984లో పట్టుకున్నారు, 2009లో జాక్ షోస్టాక్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. మామూలు కణాల్లో చాలావాటికి ఈ ఎంజైమ్‌తో పెద్ద పని ఉండదు, చావు లేకుండా విడిపోతూ పోయే చెడ్డ కణాలకి మాత్రం అదే ప్రాణం. ఆ ఎంజైమ్ లోపల ఒక ఆర్‌ఎన్‌ఏ అచ్చు ఉంటుంది, దాన్ని చూసే అది కొత్త అక్షరాలు రాస్తుంది. ఈ 13 అక్షరాల మందు సరిగ్గా ఆ అచ్చుకి సరిపోయేలా చేశారు, వెళ్లి అక్కడ అతుక్కుని, తాళం రంధ్రంలో పుల్ల విరిగి ఇరుక్కున్నట్టు కూర్చుంటుంది, ఇక ఎంజైమ్ పని సాగదు. పొడిగించే దిక్కు లేక మజ్జలోని చెడ్డ మూలకణాలు చస్తే, మంచివాటికి రక్తం తయారు చేసుకునే చోటు దొరుకుతుంది.

ఇందులో నాకు నచ్చిన పనితనం ఇంకోటి ఉంది. మామూలు డీఎన్‌ఏ ముక్కని రక్తంలోకి వదిలితే మన ఒంట్లోని ఎంజైములు దాన్ని నిమిషాల్లో నమిలేస్తాయి. అందుకని వీళ్లు అక్షరాల్ని అలాగే ఉంచి, వాటిని కలిపే వెన్నెముకలాంటి దారాన్ని మార్చేశారు, నమలడానికి లొంగకుండా. పైగా ఒక చివర కొవ్వు తోక ఒకటి తగిలించారు, పామాయిల్‌లో ఉండే పామిటిక్ ఆమ్లం ఉందే, దాని నుంచి వచ్చిందే, కణం పైపొర కూడా చాలావరకు కొవ్వే కాబట్టి ఆ తోకతో లోపలికి దూరడం తేలిక. కెమిస్ట్రీ చదివినవాళ్లకి ఇది వింటే ముచ్చటేస్తుంది.

ఇంజెక్షన్ రోజు ఎలా ఉంటుందో చెప్తాను, ఎవరూ ముందుగా చెప్పరు. నాలుగు వారాలకొకసారి, బరువుని బట్టి కిలోకి 7.1 మిల్లీగ్రాముల లెక్కన, నరంలోకి రెండు గంటల పాటు ఎక్కిస్తారు. వినడానికి రెండు గంటలే. అసలు జరిగేదేంటంటే పొద్దున్నే వెళ్లి పరీక్షకి రక్తం ఇవ్వాలి, కౌంట్లు (రక్తకణాల లెక్కలు), కాలేయం రిపోర్టు రావాలి, వాటిని డాక్టర్ చూసి సరే అనాలి, అప్పుడు గానీ లోపల ఫార్మసీవాళ్లు మందు కలపరు. ఇంత ఖరీదైన మందుని ముందే కలిపి పారబోయలేరు కదా, వాళ్లనీ అనలేం. కానీ మేం వెళ్లే ఇన్‌ఫ్యూజన్ సెంటర్లో ఈ మధ్యలో గడిచే టైముకి ఒక లెక్కా పత్రం ఉండదు, ఒకసారి కౌంట్లు వచ్చి గంటన్నర అయినా ఎవరూ చూడలేదు, అడిగితే "సిస్టమ్‌లో కనిపించలేదు" అన్నారు. ఇంటి దగ్గర్నుంచి పెరుగన్నం, నిమ్మకాయ పచ్చడి డబ్బాలో పెట్టుకు వెళ్లడం అలవాటు చేసుకున్నాం. ఎక్కించడానికి కనీసం అరగంట ముందు డిఫెన్‌హైడ్రమైన్ అనే అలర్జీ మందు, హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు, రియాక్షన్ రాకుండా. అయిపోయాక ఇంకో గంట కూర్చోబెట్టి చూస్తారు. వచ్చే రియాక్షన్లలో తలనొప్పే ఎక్కువట, నాన్నకి మొదటిసారి కాస్త వచ్చింది, తర్వాత లేదు. జుట్టు రాలలేదు. వాంతులు లేవు. కీమో అంటే మన బుర్రలో ఉండే బొమ్మకీ దీనికీ పోలిక లేదు, ఆ విషయంలో ఫుల్ మార్కులు.

మార్కులు పోయింది కౌంట్ల దగ్గర.

మొదటి రెండు డోసులప్పుడు వారం వారం రక్తపరీక్ష చేయించమన్నారు. ఎందుకో తెలిసింది. రెండో డోసు తర్వాత న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు) వెయ్యి కిందికి, ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన కణాలు) 50 వేల కిందికి పడిపోయాయి. మనం రక్తహీనత తగ్గుతుందని మందు వేస్తే మిగతా రెండూ కూడా దిగడమేంటి అని నాన్న అడిగిన ప్రశ్నలో న్యాయం ఉంది. మందు మజ్జ మీద పని చేస్తోందనడానికి ఇదీ ఒక గుర్తేనంది డాక్టర్, చాలామందికి రెండు వారాల్లోపు తిరిగి లేస్తాయంది. లేచాయి కూడా. కానీ ఆ రెండు వారాలు ఇంట్లో ఎలా ఉంటుందో ఆవిడకేం తెలుసు. గడ్డం గీసుకునే బ్లేడు దాచేసి ట్రిమ్మర్ ఇచ్చాం, "దీంతో గీసుకున్నట్టే ఉండదు" అని రోజూ గొడవ. మెత్తటి బ్రష్షు. బాత్‌రూమ్‌లో జారకుండా మ్యాట్లు. పిల్లాడికి డేకేర్ నుంచి జలుబు వస్తే వాణ్ణి తాత గదిలోకి పోనివ్వకుండా కాపలా, వాడేమో తలుపు దగ్గర కూర్చుని ఏడుపు. జ్వరం 100.4 దాటితే ఆలోచించకుండా ఫోన్ చేయమన్నారు, అర్ధరాత్రయినా సరే, అందుకని థర్మామీటర్ మా అందరి మంచాల పక్కనా తిరిగేది. మూడో డోసు వాయిదా పడింది. మళ్లీ ఇచ్చాక మళ్లీ పడ్డాయి, అప్పుడు డోసు 7.1 నుంచి 5.6కి తగ్గించారు. తగ్గించాక నిలకడగా ఉన్నాయి.

ఇది మా నాన్న ఒక్కరి ఖర్మేమీ కాదు. ఐమెర్జ్ అని దీని మీద పెద్ద ట్రయల్ జరిగింది, 178 మంది, అందులో 118 మందికి మందు, 60 మందికి మందు లేని ఉత్తుత్తి డ్రిప్పు. మందు తీసుకున్నవాళ్లలో 68 శాతం మందికి న్యూట్రోఫిల్స్, 62 శాతం మందికి ప్లేట్‌లెట్లు తీవ్రంగా పడిపోయాయి. అంటే మీకూ పడతాయనే మానసికంగా సిద్ధపడండి, పడకపోతే సంతోషం. డాక్టర్ మాటల్లో ఇది "సైడ్ ఎఫెక్ట్స్ మేనేజబుల్" అని ఒక ముక్కలో వస్తుంది. మేనేజ్ చేసేది ఎవరు? ఇంట్లో ఉన్న కోడలో, కొడుకో, కూతురో. మీ ఇంట్లో పగలు మనిషి ఉండే వీలుందా అన్నది మందు మొదలెట్టే ముందే చూసుకోవాల్సిన విషయం.

సరే, పని చేసిందా? అదే ట్రయల్లో వరసగా 8 వారాలు రక్తం ఎక్కించే అవసరం లేకుండా ఉన్నవాళ్లు మందు తీసుకున్నవాళ్లలో 39.8 శాతం, ఉత్తుత్తి డ్రిప్పు తీసుకున్నవాళ్లలో 15 శాతం. 24 వారాల లెక్క తీస్తే 28 శాతం, 3.3 శాతం. ఆ మొదటి 39.8 శాతం మందిలో సగటున చూస్తే దాదాపు ఏడాది పాటు ఆ ఫలితం నిలిచింది. ఈ అంకెల్ని రెండు రకాలుగా చదవొచ్చు. పదిమందిలో నలుగురికి రక్తం సంచి లేకుండా రెండు నెలలు గడిచాయి అని ఒకటి. పదిమందిలో ఆరుగురికి అంతపాటి లాభం కూడా లేదు, కౌంట్లు పడటం మాత్రం చాలామందికి తప్పలేదు అని రెండోది. రెండూ నిజమే. అమ్మేవాళ్ల పాంప్లెట్‌లో మొదటిదే పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

నాన్న విషయంలో మొదటి రెండు డోసులకీ తేడా ఏమీ కనపడలేదు, రెండు వారాలకొకసారి బాటిళ్లు యథావిధి. మూడోది అయ్యాక డైరీలో తేదీల మధ్య ఖాళీ పెరగడం మొదలైంది, మూడు వారాలు, తర్వాత ఐదు. ఒకరోజు "ఏరా, ఈ నెల రక్తం ఎక్కించరా?" అని ఆయనే అడిగారు, ఏదో బాకీ ఉండిపోయినట్టు. హిమోగ్లోబిన్ 9 దాటింది. పోయిన వేసవి అంతా ఒక్క బాటిల్ పడలేదు, సాయంత్రాలు కాలనీ చెరువు గట్టు మీద గుంటూరు నుంచి వచ్చిన ఇంకో పెద్దాయనతో కలిసి నడిచి రాజకీయాలు మాట్లాడి వచ్చేవారు. చలికాలం మొదలయ్యాక మధ్యలో ఒకసారి రెండు బాటిళ్లు ఎక్కించాల్సి వచ్చింది, మళ్లీ నిలబడింది. నా లెక్కలో ఇది గెలుపే, పూర్తి గెలుపు కాకపోయినా.

ఒక్కటి గట్టిగా చెప్పగలను: హిమోగ్లోబిన్ ఎంతుంది అని ప్రతి వారం చూసుకుని గుండెలు బాదుకోకండి, అది పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది. ఎక్కించిన బాటిళ్ల తేదీలు రాసిపెట్టుకోండి, వాటి మధ్య ఎడం పెరుగుతోందా లేదా అదొక్కటే చూడండి. కంపెనీ ఇచ్చిన కాగితంలోనే ఉంది, 24 వారాలు వాడినా రక్తం ఎక్కించే అవసరం తగ్గకపోతే మందు ఆపేయాలని. అంటే ఆరు డోసులు. ఆ లెక్క మీ దగ్గర కాగితం మీద లేకపోతే, "కొంచెం ఓపిక పట్టండి" అన్న మాట మీద మందు నడుస్తూనే పోతుంది.

డబ్బు. నెలకి పదుల వేల డాలర్ల మందు ఇది, రూపాయల్లోకి మార్చి చూసుకోకండి, బీపీ వస్తుంది. ఆసుపత్రిలో నరంలోకి ఎక్కించేది కాబట్టి మెడికేర్‌లో (65 దాటినవాళ్లకి ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) పార్ట్ బీ అనే భాగం కిందికి వస్తుంది, 20 శాతం మన వాటా. ఇంత ఖరీదులో ఆ 20 శాతం కూడా మామూలు సంసారులు మోసేది కాదు, మన వాటాని భరించే సప్లిమెంట్ పాలసీ గానీ, మన వాటాకి ఏడాదికింత అని పరిమితి ఉండే, ప్రైవేటు కంపెనీలు నడిపే అడ్వాంటేజ్ ప్లాన్ గానీ ఉండాలి. నాన్నది అడ్వాంటేజ్ ప్లాన్. పరిమితి ఉంది బాగానే ఉంది కానీ ముందస్తు అనుమతి కోసం తిప్పిన తిప్పుడు అంతా ఇంతా కాదు, "ఇంకో చవక మందు వాడి చూశారా" అని ఒక ఉత్తరం, వాడామని రుజువులు పంపితే "పేజీ సరిగ్గా స్కాన్ కాలేదు" అని ఇంకో ఉత్తరం. ఆ లోపు ఇక్కడ బాటిళ్లు నడుస్తూనే ఉన్నాయి. క్లినిక్‌లో ఫైనాన్షియల్ కోఆర్డినేటర్ అని ఒకరుంటారు, డాక్టర్ కంటే ముందు ఆ మనిషితో స్నేహం చేసుకోండి.

తల్లిదండ్రుల్ని ఇక్కడికి తెచ్చుకున్న మనవాళ్లకి ఒక మాట. గ్రీన్‌కార్డు మీద వచ్చిన 65 దాటినవాళ్లు వరసగా ఐదేళ్లు ఇక్కడ ఉంటే నెలనెలా ప్రీమియం కట్టి పార్ట్ బీ తీసుకోవచ్చు. విజిటర్ వీసా మీద ఆరు నెలలకి వచ్చినవాళ్ల ట్రావెల్ ఇన్సూరెన్సు ఇలాంటి ముందు నుంచీ ఉన్న జబ్బుకి మామూలుగా పైసా ఇవ్వదు. ఈ మందు కోసం అమ్మానాన్నల్ని టికెట్ కొని రప్పించే ఆలోచన ఉంటే, మానుకోండి. ఊళ్లో ఉన్న హెమటాలజిస్టు (రక్త జబ్బుల డాక్టర్) దగ్గర ఎమ్‌డీఎస్‌కి వాడే ఎరిత్రోపోయిటిన్, లెనలిడోమైడ్, అజసైటిడిన్ అన్నీ ఉంటాయి, వాటి జెనరిక్స్ మన హైదరాబాద్ కంపెనీలే తయారు చేస్తాయి. అజసైటిడిన్ తొలి జెనరిక్‌ని 2013లో ఇక్కడి అమెరికా మార్కెట్లోకి దించింది కూడా డాక్టర్ రెడ్డీసే.

ఇక వాట్సాప్ వైద్యం. నాన్న మందు సంగతి బయటికి పొక్కాక నాకు రోజుకొక ఫార్వర్డ్: రష్యావాళ్లు క్యాన్సర్ వ్యాక్సిన్ ఉచితంగా ఇస్తున్నారని. 2024 డిసెంబర్‌లో వాళ్లు అలాంటి ప్రకటన చేసిన మాట నిజం, దాన్ని పట్టుకుని మీ మందు ఆపేయడం మాత్రం పిచ్చితనం. ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ వ్యాక్సిన్లూ న్యూక్లియిక్ ఆమ్లాలే, కానీ పని పూర్తిగా వేరు. ఇమెటెల్‌స్టాట్ వెళ్లి ఒక ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది, అందరికీ ఒకటే మందు. వ్యాక్సిన్ అలా కాదు, ఒక్కో రోగి గడ్డని కోసి, అందులో ఏ అక్షరాలు తప్పాయో చదివి, ఆ మనిషికి మాత్రమే పనికొచ్చే ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ తయారు చేసి, ఆ తప్పుల్ని గుర్తుపట్టమని ఒంట్లోని రక్షక కణాలకి నేర్పిస్తుంది. మోడెర్నా, మెర్క్ కంపెనీలు కలిసి చేస్తున్న దాంట్లో ఒకే వ్యాక్సిన్‌లో 34 దాకా అలాంటి గుర్తులు పెడతారు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయిన 157 మందిలో చూస్తే, మామూలు ఇమ్యునోథెరపీ ఒక్కటే ఇచ్చినవాళ్ల కంటే ఇది కూడా కలిపి ఇచ్చినవాళ్లలో జబ్బు తిరగబెట్టే లేదా ప్రాణం పోయే ముప్పు 44 శాతం తక్కువ కనిపించింది. పాంక్రియాస్ క్యాన్సర్‌లో బయోఎన్‌టెక్ వ్యాక్సిన్‌ని న్యూయార్క్‌లో 16 మందికి ఇస్తే 8 మంది ఒంట్లో రక్షక కణాలు స్పందించాయి. ఆశ పెట్టుకోవాల్సిన విషయమే. కానీ 157, 16 అన్న అంకెలు చూడండి, ఇవి మందుల షాపులో దొరికే సరుకులు అనుకోకూడదు.

అసలు నాన్న మందులా చిన్న డీఎన్‌ఏ ముక్కలతో చేసే మందుల చరిత్ర చూస్తే నాకు నాన్న మందు మీద గౌరవం ఇంకాస్త పెరిగింది. 1978లో హార్వర్డ్‌లో పాల్ జమెక్నిక్, మేరీ స్టీఫెన్‌సన్ అనే ఇద్దరు కోళ్లలో క్యాన్సర్ తెచ్చే ఒక వైరస్‌ని చిన్న డీఎన్‌ఏ ముక్కతో ఆపి చూపించారు. ఆ ముక్క పొడవు కూడా 13 అక్షరాలే. అక్కడి నుంచి 2024 దాకా ఎన్ని కంపెనీలు చేతులు కాల్చుకున్నాయో. జెనాసెన్స్ అని 18 అక్షరాల మందు ఒకటి మెలనోమాకి ఖాయం అనుకున్నారు, 2004లో ఎఫ్‌డీఏ సలహా కమిటీ కాదంది. ఈ ఇమెటెల్‌స్టాట్ కూడా తక్కువ తిప్పలు పడలేదు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో, రొమ్ము క్యాన్సర్‌లో వాడి చూస్తే ఫలితం రాలేదు, 2014లో కాలేయం పరీక్షల్లో తేడాలొచ్చాయని ఎఫ్‌డీఏ ట్రయల్స్‌నే ఆపించింది, జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ల కంపెనీ భాగస్వామిగా చేరి 2018లో తప్పుకుంది. గట్టి గడ్డల్లోకి ఈ ముక్కలు సరిగ్గా చేరవు, ఎక్కువ భాగం కాలేయం, కిడ్నీలు లాగేసుకుంటాయి. కొలెస్టరాల్‌కి ఇచ్చే ఇన్‌క్లిసిరాన్ లాంటివి అంత బాగా పని చేస్తున్నాయంటే అవి చేరాల్సింది కాలేయమే కాబట్టి. మజ్జ కూడా రక్తం బాగా తడిపే చోటే, అందుకే ఇది అక్కడ నెగ్గుకొచ్చిందని నా అభిప్రాయం. మజ్జ నారలా గట్టిపడిపోయే మైలోఫైబ్రోసిస్ అనే జబ్బుకి కూడా దీన్ని పరీక్షిస్తున్నారు.

మన హైదరాబాద్‌కీ ఇందులో చెయ్యుంది. ఇలాంటి మందుల్ని అక్షరం పక్కన అక్షరం దండలా గుచ్చి తయారు చేయడానికి కావాల్సిన విడి అక్షరాల ముడిసరుకు, ఫాస్ఫోరమిడైట్లు అంటారు, వాటిని చేసే సపాలా ఆర్గానిక్స్ హైదరాబాద్‌దే, 2024లో సువెన్ ఫార్మా అందులో పెద్ద వాటా కొంది. పదేళ్ల తర్వాత ఈ మందుల ధర నేలకి దిగితే దానికి మనవాళ్లే కారణం కావచ్చు, అజసైటిడిన్ విషయంలో జరిగింది అదే కదా.

ఎవరు వాడొచ్చు అంటే, రక్తం బాటిళ్ల మీదే బతుకు నడుస్తూ, మిగతా మందులు చేతులెత్తేసి, వారం వారం పరీక్షకి తీసుకెళ్లే మనిషి ఇంట్లో ఉన్నవాళ్లు. ఎవరు ఆగాలంటే, మందు మొదలెట్టకముందే ప్లేట్‌లెట్లు బాగా తక్కువున్నవాళ్లు, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు వచ్చేవాళ్లు, ఆసుపత్రికి గంటల దూరంలో ఒంటరిగా ఉండేవాళ్లు, వీళ్లు డాక్టర్‌తో రెండుసార్లు మాట్లాడాకే ఒప్పుకోవాలి. రెండు నెలలకొకసారి ఒక బాటిల్ ఎక్కించుకుంటే గడిచిపోయేవాళ్లకి దీని జోలికి పోవాల్సిన పనే లేదు.

డాక్టర్‌ని అడగాల్సినవి: రింగ్ సిడరోబ్లాస్టుల సంగతేంటి, లస్పాటర్‌సెప్ట్ అయిపోయిందా, కౌంట్లు పడితే ఎన్ని రోజులు ఆగుతారు, డోసు ఏ అంకెకి తగ్గిస్తారు, శని ఆదివారాలు జ్వరం వస్తే ఏ నంబరుకి ఫోన్ చేయాలి. చివరిది రాయించుకుని ఫ్రిజ్ మీద అతికించండి. ఇంకోటి, ఇంజెక్షన్‌కి ముందు ఇచ్చే డిఫెన్‌హైడ్రమైన్‌కి పెద్దవాళ్లు బాగా మత్తుగా అయిపోతారు, నాన్న అయితే పార్కింగ్ దాకా నడిచేటప్పుడే తూలుతారు, కాబట్టి ఆ రోజుకి ఆఫీసులో సెలవు పెట్టేసుకోండి, సగం పూట సరిపోదు.